అల్సెస్టిస్ దేహం, మెటీలియా ఆక్టే ముఖం: ఒక రోమన్ శవపేటికకు వర్ణన పత్రం రాసిన తీరు

వాటికన్ మ్యూజియంలలోని కియరమొంటి విభాగంలో ఒక పాలరాతి శవపేటిక ఉంది. రోము నగరానికి రేవుపట్టణమైన ఓస్టియా నుంచి వచ్చిన ఈ పేటికను సామాన్య శకం 160–170 మధ్య చెక్కినట్టు పండితులు లెక్కగట్టారు. దాని ముందు పలక మీద గ్రీకు పురాణంలోని అల్సెస్టిస్ కథ నడుస్తుంది. మూత మీద పేటిక చేయించిన భర్త, అతని భార్య పేర్లతో లాటిన్ శాసనం ఉంది. కథలోని రాజుకూ రాణికీ ఆ దంపతుల ముఖాలే పెట్టారు. పురాణ దృశ్యాలున్న రోమన్ శవపేటికలు వందల సంఖ్యలో మిగిలినా, కథ, శాసనం, వ్యక్తుల పోలికలు మూడూ ఒకే రాతి మీద ఇంత స్పష్టంగా కలిసివచ్చినవి చాలా తక్కువ. కథాశిల్పాలకు వర్ణన పత్రాలు, అంటే బొమ్మల వివరాలను గడుల వారీగా నమోదు చేసే పత్రాలు, రాయడం, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఆ పద్ధతి నేర్పడం నా వృత్తి. రాతి మీద కనిపించేదాన్ని, గ్రంథాల్లో చదివినదాన్ని, చేయించినవారి గురించి తెలిసినదాన్ని ఒకదానితో ఒకటి కలిపెయ్యకుండా రాయడం ఎంత కష్టమో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అందుకే దీనికి రాసిన పత్రాన్ని, అందులో తీసుకున్న నిర్ణయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట పేటిక తరహా సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. రోములో సామాన్య శకం మొదటి శతాబ్ది అంతా దహనమే ప్రధానమైన ఆచారంగా ఉండేది. అస్థికలను కలశాల్లోనో చిన్న రాతి పెట్టెల్లోనో దాచేవారు. రెండో శతాబ్దిలో, ముఖ్యంగా హాడ్రియన్ చక్రవర్తి కాలం నుంచి, దేహాన్ని దహనం చెయ్యకుండా పేటికలో ఉంచి సమాధి గదిలో భద్రపరిచే అలవాటు పెరిగింది. దానితోపాటే చెక్కడపు పనివారికి అంతకుముందు లేనంత పెద్ద రాతి పలక చేతికొచ్చింది. రోములోని పనివారు ముందు పలకను నిండుగా, రెండు పక్కలను లోతు తక్కువగా చెక్కి, వెనక వైపును ఉత్తగా వదిలేవారు, ఎందుకంటే పేటిక సమాధి గది గోడకు ఆని ఉండేది. ఏథెన్సు పనివారు నాలుగు వైపులా చెక్కేవారు. నేటి తుర్కియేలోని ఫ్రిజియా ప్రాంతపు డోకిమియన్ పాలరాతి గనులతో ముడిపడిన శిల్పశాలలు స్తంభాల వరుసల మధ్య బొమ్మలు నిలిపిన పేటికలకు పేరుపొందాయి. ఓస్టియా పేటిక రోము తరహాది. కాబట్టి చూసే మనిషి ఎక్కడ నిలబడతాడో శిల్పికి ముందే తెలుసు, చెప్పదలచినదంతా ముందు పలక మీదే చెప్పాలనీ తెలుసు. పత్రంలో తయారీ తరహాను నేను మొదటి వరసలోనే రాయడానికి కారణం ఇదే. ప్రేక్షకుడి స్థానం తేలకుండా కూర్పు గురించి రాసే మాటలకు ఆధారం ఉండదు.

తర్వాత శాసనం. అది పితృదేవతలను స్మరించే మామూలు రెండక్షరాలతో మొదలవుతుంది. గయస్ జూనియస్ యూహోడస్ అనే వ్యక్తి తనకోసం, తన భార్య మెటీలియా ఆక్టే కోసం ఈ పేటిక చేయించాడని చెబుతుంది. అతను ఓస్టియాలోని నిర్మాణపు పనివారి సంఘానికి 21వ అయిదేళ్ల కాలపు అధ్యక్షుడు. ఆమె ఓస్టియాలో మాగ్నా మాటర్ అనే దేవతకు, అంటే ఫ్రిజియా నుంచి రోమన్లు సామాన్య శక పూర్వం 204లో తెచ్చుకుని కొలిచిన మహామాతకు, పూజారిణి. ఆమెను అతను 'అతి పవిత్రురాలైన భార్య' అన్నాడు. సంఘం మొదటి శతాబ్ది నడిమిభాగం దాటాక ఏర్పడిందని ఇతర శాసనాలను బట్టి తెలుస్తోంది కాబట్టి, 21 అయిదేళ్ల కాలాలు లెక్కవేస్తే 160 ప్రాంతానికి చేరతాం. శైలిని బట్టి వేసే కాలనిర్ణయాలు ఇరవై ముప్పై ఏళ్లు అటూ ఇటూ ఊగడం మా పనిలో మామూలే. ఇలా ఒక వృత్తి సంఘపు పదవీకాలం తేదీని పట్టి ఇవ్వడం అదృష్టమనే చెప్పాలి.

శాసనం చెప్పనిదాన్ని కూడా పత్రంలో నమోదు చేశాను. ఆక్టే వయసు అందులో లేదు, ఎన్నేళ్లు కాపురం చేశారో లేదు, ఆమె భర్తకంటే ముందు పోయిందన్న మాట కూడా లేదు. 'తనకూ, ఆమెకూ' చేయించాడన్నంతవరకే శాసనం మాట. భార్య చనిపోయిన దుఃఖంలో భర్త ఈ కథను ఎంచుకున్నాడని చాలా వర్ణనల్లో కనిపిస్తుంది. అది నమ్మదగిన ఊహే కానీ ఊహ, పైగా కథ నుంచి వెనక్కి లాగిన ఊహ. కథలో భార్య ముందు చనిపోతుంది కాబట్టి జీవితంలోనూ అలాగే జరిగి ఉంటుందని అనుకుని, ఆ తర్వాత ఆ జీవితంతోనే కథ ఎంపికను సమర్థిస్తే, ఒకే సంగతిని రెండుసార్లు సాక్ష్యంగా వాడినట్టవుతుంది. పత్రంలో 'ఆక్టే మరణం: శాసనంలో ప్రస్తావన లేదు' అని మాత్రమే రాశాను.

ఇక కథ. థెస్సలీలోని ఫెరే రాజు అడ్మెటస్‌కు చావు దగ్గరపడినప్పుడు, అతని మీద అభిమానమున్న అపోలో దేవుడు, అతని బదులు మరొకరు చనిపోవడానికి ఒప్పుకుంటే రాజు బతికేలా విధిదేవతలను ఒప్పిస్తాడు. ముసలి తల్లిదండ్రులు ఒప్పుకోరు, భార్య అల్సెస్టిస్ ఒప్పుకుని ప్రాణం విడుస్తుంది. ఆ ఇంటికి అతిథిగా వచ్చిన గ్రీకు వీరుడు హెరాక్లీజ్ ఆమెను మృత్యువు నుంచి విడిపించి భర్తకు అప్పగిస్తాడు. ఈ కథ చెప్పగానే మన విద్యార్థులు 'సావిత్రి కథ లాంటిదే' అంటారు. పోలిక సహజమే, కానీ పత్రం రాసేవారికి అది అడ్డు వస్తుంది. సావిత్రి తన మాటనేర్పుతో యముణ్ణి గెలిచి భర్తను తెచ్చుకుంటుంది. అల్సెస్టిస్ మాత్రం తానే చనిపోతుంది, తిరిగి వచ్చినప్పుడు ముసుగు కప్పుకుని మౌనంగా నిలబడుతుంది. ఆమెను తెచ్చే పని మరొకరిది. సావిత్రిని మనసులో పెట్టుకుని ఈ పలకను చూస్తే కుడివైపు దృశ్యంలో అల్సెస్టిస్‌ను కథానాయికగా వెతుకుతాం, అక్కడ శిల్పి చూపిస్తున్నది ఇద్దరు పురుషుల మధ్య అప్పగింతను.

గ్రంథం వల్ల వచ్చే చిక్కు ఇంకా పెద్దది. ఈ కథకు మనకు దొరికే ప్రసిద్ధ రూపం సామాన్య శక పూర్వం 438లో ఏథెన్సులో ప్రదర్శించిన యురిపిడీజ్ నాటకం. ఆ నాటకంలో హెరాక్లీజ్ పాతాళానికి దిగడు. సమాధి దగ్గర కాపువేసి, మృత్యుదేవతతో మల్లయుద్ధం చేసి ఆమెను విడిపిస్తాడు. పలక మీద అలా లేదు. కుడివైపు పాతాళపు గుహద్వారం ఉంది, దాని దగ్గర పాతాళానికి కాపలా కాసే సెర్బరస్ కుక్క ఉంది, పాతాళాన్ని ఏలే ప్లూటో, ప్రొసెర్పినా దంపతులున్నారు. అంటే శిల్పి నాటకానికి బొమ్మలు గీయలేదు. అల్సెస్టిస్‌ను పాతాళ రాణే వెనక్కి పంపిందనే కథనం కూడా ప్రాచీనులకు తెలుసు. అంతకంటే ముఖ్యంగా, హెరాక్లీజ్ పన్నెండు సాహసాల్లో ఒకటైన సెర్బరస్ ఘట్టానికి అప్పటికే శిల్పశాలల్లో స్థిరపడ్డ బొమ్మలున్నాయి. మల్లయుద్ధం కంటే గుహ నుంచి వెలుపలికి రావడం శవపేటికకు తగిన దృశ్యమని నాకు అనిపిస్తుంది: చూసేవాడికి చావు లోకపు గుమ్మం కనిపించాలి, దాన్ని దాటి ఒకరు ఇవతలికి వచ్చినట్టూ కనిపించాలి. పత్రంలో 'మూలం: యురిపిడీజ్' అని రాయకుండా 'కథ: అల్సెస్టిస్, నాటకంతో తేడా: పాతాళ ద్వారం, సెర్బరస్, పాతాళ దంపతులు' అని రాశాను.

పలకను ఎడమ నుంచి కుడికి చదవడం అందరికీ అలవాటు. ఎడమ చివర వేట బృందంలోని పురుషులు, అపోలో. నడుమ అల్సెస్టిస్ మరణశయ్య. కుడివైపు హెరాక్లీజ్ రాక. కాలక్రమం ఇదే. అయినా నేను వర్ణనను నడిమి నుంచే మొదలుపెట్టాను, ఎందుకంటే కూర్పు అంతా ఆ మంచం చుట్టూ కట్టింది. మంచం మీద ఒరిగిన స్త్రీ, దగ్గర పిల్లలు, చుట్టూ శోకించే బంధువులు. ఇది పురాణ దృశ్యం కాకముందు రోమన్ ఇళ్లలో జరిగే శోకవిధి దృశ్యం. పురాణంతో సంబంధం లేని పేటికల మీద, ముఖ్యంగా పిల్లల పేటికల మీద, మంచం చుట్టూ ఏడ్చే కుటుంబం ఇదే తీరులో కనిపిస్తుంది. మెలియేజర్ అనే వీరుడి కథ చెక్కిన పేటికల మీదా అతని మరణశయ్య ఇలాగే ఉంటుంది. అంటే శిల్పశాలలో మరణశయ్య అనే మూస ఒకటి సిద్ధంగా ఉండేది. అల్సెస్టిస్ కథకు దాన్ని దించినప్పుడు, రాజభవనంలోని ఆ మరణం ఓస్టియాలోని ఏ ఇంట్లోనైనా జరిగే మరణం లాగే కనిపిస్తుంది. చేయించినవారికి కావలసిందీ అదేనని నా అభిప్రాయం.

ఒకే వ్యక్తి ఒకే పలక మీద పలుసార్లు కనిపించడం గురించి మనవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. అమరావతి స్తూపపు పతకాల్లో, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒకదానిలో, నాలగిరి ఏనుగు ఒకవైపు వీథిలో జనాన్ని తొక్కుతూ, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతూ రెండుసార్లు కనిపిస్తుంది. ఇంచుమించు ఆ కాలానికే చెందిన ఓస్టియా పలకలోనూ అడ్మెటస్ మళ్లీ మళ్లీ వస్తాడు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని దీన్నిబట్టి చెప్పలేం. కానీ నమోదు చేసే పద్ధతి రెండింటికీ ఒకటే: ప్రతి బొమ్మకూ ఒక సంఖ్య, ప్రతి పాత్రకూ ఒక అక్షరం ఇచ్చి, పునరావృతమైన పాత్రకు అదే అక్షరం మళ్లీ వాడాలి. అమరావతి ఫలకాలకు వాడిన ఈ పద్ధతే ఇక్కడ పెద్దగా మార్చకుండా సరిపోయింది.

సరిపోనిది ముఖాల దగ్గర. మంచం మీది అల్సెస్టిస్ ముఖం కథలోని పడుచు రాణి ముఖం కాదు. వయసు ముదిరిన, నిజంగా బతికిన ఒక స్త్రీ పోలికలు అందులో ఉన్నాయి. అడ్మెటస్‌కు కూడా నడివయసు దాటిన రోమన్ పౌరుడి ముఖం ఉంది. చుట్టూ ఉన్న పరివారంలో ఆదర్శ సౌందర్యం ఉట్టిపడే ముఖాలుంటే, ఈ ఇద్దరివి మాత్రం వేరుగా నిలుస్తాయి. మొదటిసారి చూసేవారికి దేహానికీ తలకూ పొత్తు కుదరలేదనిపిస్తుంది. కుదరకపోవడమే ఇక్కడి పద్ధతి. మొదటి శతాబ్ది చివరి నుంచే రోమన్ స్త్రీలను వీనస్ దేవత దేహంతో, తమ సొంత నడివయసు ముఖంతో చెక్కించిన విగ్రహాలున్నాయి. అక్కడ దేహం ఒక ప్రశంస, ముఖం ఆ ప్రశంస ఎవరికో చెప్పే గుర్తింపు. రెండూ ఏకమై ఒక మనిషి కావాలని ఆ శిల్పి అనుకోలేదు, చూసేవాడూ ఆశించలేదు. ఈ తేడాను శిల్పి నేర్పులోని లోపంగా రాసిన పాత వర్ణనలతో నేను ఏకీభవించను.

అయితే పత్రంలో ఆ బొమ్మను ఏమని పిలవాలి? 'అల్సెస్టిస్' అంటే ముఖం పోతుంది, 'మెటీలియా ఆక్టే' అంటే కథ పోతుంది. మా పత్రాల నమూనాలో బొమ్మ గుర్తింపుకు ఒకే గడి ఉండేది. ఈ పేటిక కోసం దాన్ని రెండు చేశాను: 'పాత్ర' ఒకటి, 'ముఖం' ఒకటి. అల్సెస్టిస్ ఎదురుగా ముఖం గడిలో 'వ్యక్తి పోలిక. శాసనాన్ని బట్టి మెటీలియా ఆక్టే' అని రాశాను. 'శాసనాన్ని బట్టి' అన్న మాట తప్పనిసరి. ముఖం మీద పేరు చెక్కిలేదు, మూత మీది పేరును కింద ఉన్న ముఖానికి కలుపుతున్నది మనమే. ఈ కలపడంలో నాకు అనుమానం లేదు, అయినా ఆధారం ఏదో చదివేవారికి తెలియాలి.

ఇక్కడ శిల్పశాల పనితీరు గురించి కొంత చెప్పాలి. అప్పటి రోమన్ పనిలో ఉలి, రంపపు పళ్ల ఉలి, రాపిడి రాళ్లతోపాటు బర్మాకు, అంటే తిప్పి రంధ్రాలు తొలిచే పనిముట్టుకు, పెద్ద స్థానముంది. జుట్టు వంకుల మధ్య, బట్ట ముడతల మధ్య, బొమ్మకూ నేపథ్యానికీ మధ్య బర్మాతో వరసగా రంధ్రాలు తొలిచి, వాటిని కలిపి చీకటి గీతలు తెచ్చేవారు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఇటలీలోని ఉర్బినోలో యూట్రోపస్ అనే శవపేటికల శిల్పి సమాధి పలక ఒకటి ఉంది. అందులో అతను పేటిక మీద బర్మా ములుకు ఆనించి పట్టుకుంటే, సహాయకుడు దానికి చుట్టిన తాడును అటూ ఇటూ లాగుతుంటాడు. వృత్తిపనిని ఇంత సూటిగా చూపిన బొమ్మ రోమన్ కాలం నుంచి వేరొకటి నాకు గుర్తుకు రావడం లేదు. వ్యక్తుల పోలికలున్న ముఖాలకు మాత్రం ఇంకో దశ ఉండేది. చాలా పేటికల్లో ముఖ్యపాత్రల తలలను రాతి ముద్దగా వదిలి, తక్కిన దేహాన్ని, పరివారాన్ని ముందే పూర్తిచేసేవారు. కొనుగోలుదారు నిశ్చయమయ్యాక ఆ ముద్దను అతని పోలికలతో చెక్కేవారు. కాబట్టి ముఖాలున్న ఏ పేటిక విషయంలోనైనా వాటి పరిమాణం చుట్టుపక్కల తలలకు సరితూగుతుందా, మెడ దగ్గర చెక్కడపు లోతు మారిందా, మెరుగు ఒకేలా ఉందా అన్నవి ఏటవాలు వెలుతురులో తీసిన ఛాయాచిత్రాలతో పరిశీలించాలి. ఇప్పుడు తెల్లగా కనిపించే ఈ రాళ్లకు ఆనాడు రంగులుండేవన్నదీ మరవకూడదు. చెక్కడంలో కనిపించే ముఖాల తేడాను రంగు ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో ఈనాటి వెల్లదనం చెప్పదు.

అర్థం గడి దగ్గరే ఎక్కువ సమయం పట్టింది. ఈ పురాణ దృశ్యాల అర్థం గురించి గత శతాబ్దిలో పెద్ద వాదం నడిచింది. బెల్జియం పండితుడు ఫ్రాంజ్ క్యూమాంట్ 1942లో, ఇవి ఆత్మకు మరణానంతర గతి గురించిన నమ్మకాలను సంకేతాల్లో చెబుతున్నాయని వాదించాడు. మతచరిత్ర పండితుడు ఆర్థర్ డార్బీ నాక్ 1946లో దాన్ని గట్టిగా ప్రశ్నించి, ఇందులో చాలా భాగం ఆ కాలపు చదువు, సంస్కారం, అలంకార సంప్రదాయం అన్నాడు. ఆ తర్వాత పాల్ జాంకర్ వంటి కళాచరిత్ర పండితులు దృష్టిని సమాధి గదిలో నిలబడి దుఃఖించే బంధువుల మీదికి మళ్లించారు: పురాణ పాత్రతో పోలిక ద్వారా పోయినవారిని పొగడటం, దుఃఖానికి ఒక రూపమివ్వడం, ఊరట చెప్పడం. నాకు మూడో మార్గమే చాలా పేటికలకు సరిపోతుందనిపిస్తుంది. ఎండిమియన్ అనే నిద్రించే యువకుడి కథ వందకు పైగా పేటికల మీద ఉంటే, ఆ కొన్నవారందరికీ ఒకే మతవిశ్వాసం ఉందని అనుకోవడం కష్టం.

కానీ ఓస్టియా పేటిక ఆ సాధారణ సూత్రానికి పూర్తిగా లొంగదు. అల్సెస్టిస్ కథ ఉన్న పేటికలు అరుదు. కాబట్టి ఇది అంగట్లో సిద్ధంగా దొరికే బాపతు కాదు, కోరి చేయించిన ఎంపిక అయ్యే అవకాశం ఎక్కువ. పైగా ఆక్టే పూజారిణి, మూత మీద ఆమె కొలిచిన దేవత ఉత్సవాల్లో వాడే కాగడాలు, తాళాలు వంటి వస్తువులు చెక్కి ఉన్నాయి. మూత మీద ఆ వస్తువులు, కింద పాతాళం నుంచి తిరిగివచ్చే స్త్రీ ఉంటే, ఈ రెంటికీ సంబంధం లేదనడం మొండితనమే అవుతుంది. మహామాత ఆరాధనలో పునర్జీవనపు ఆశ ఉందని, కథ ఎంపికలో అది పనిచేసిందని కొందరు పరిశోధకులు చెప్పారు. ఆ వస్తువులు ఆమె పదవిని చూపే గౌరవచిహ్నాలు మాత్రమే కావచ్చన్నది రెండో పక్షం, భర్త సంఘాధ్యక్ష పదవిని శాసనం చెప్పినట్టే. నేను మొదటి పక్షం వైపు మొగ్గుతాను. పత్రంలో మాత్రం రెండింటినీ వాటి వాటి ఆధారాలతో రాసి, నా మొగ్గును నా పేరుతో విడిగా పెట్టాను.

యూహోడస్ ఇరకాటం గురించి కూడా అడుగుతుంటారు. కథను అక్షరాలా తీసుకుంటే, భార్యను తన బదులు చావనిచ్చిన భర్తగా అతను తనను తాను చెక్కించుకున్నాడు! నాటకంలో అడ్మెటస్‌ను ఈ మాటతోనే సొంత తండ్రి ఎదురెదురుగా దెప్పుతాడు. సమాధి పలకను చూసేవారు అలా చదవలేదనడానికి కారణముంది. వారి పొగడ్తల్లో అల్సెస్టిస్ పతిభక్తికి మారుపేరు. పోలిక ఆ గుణం వరకే నడిచి ఆగుతుంది. శిల్పి కూడా నడుమ మరణశయ్యకు, కుడివైపు తిరిగిరాకకే స్థలమిచ్చాడు. రోమన్ శిల్పంలో భార్యాభర్తలు కుడిచేతులు కలిపి నిలబడటం దాంపత్యానికి స్థిరమైన గుర్తు. ఈ పలకలో కుడిచేతులు కలిపింది హెరాక్లీజ్, అడ్మెటస్. అల్సెస్టిస్ ముసుగుతో పక్కనే ఉంది. ఇక్కడ ఆ భంగిమకు 'దాంపత్య కరగ్రహణం' అని పేరు పెట్టాలన్న సూచన ఒకటి వచ్చింది, నేను ఒప్పుకోలేదు. భంగిమ పేరు 'కుడిచేతుల కలయిక', పాల్గొన్నవారు ఫలానా, ఆ తర్వాతి గడిలో 'దాంపత్య దృశ్యాన్ని గుర్తుచేస్తుంది' అని రాయవచ్చు. పేరులోనే అర్థాన్ని దూర్చేస్తే, వెయ్యి పత్రాల్లో ఆ భంగిమ కోసం వెతికేవారికి అన్నీ పెళ్లిళ్లే దొరుకుతాయి.

ఈ కేసులో చేసిన గడుల మార్పును తర్వాత వేరే పేటికల మీద పెట్టి చూశాను. అన్నిటికంటే ఉపయోగపడింది లూవ్ర్ మ్యూజియంలోని ఒకదానికి. ఫ్రాన్సులో బోర్డో దగ్గరి సాన్-మెదార్-డేరాన్‌లో 1805లో దొరికిన ఆ పేటిక మీద డయొనీసస్ దేవుడు తన పరివారంతో వచ్చి నిద్రించే అరియాడ్నేను చూస్తుంటాడు. చుట్టూ పరివారం గోళ్ల దాకా పూర్తయినా, అరియాడ్నే ముఖం చెక్కకుండా ముద్దగానే ఉంది. కొన్నవారు తొందరపడ్డారా, డబ్బు చాలలేదా, ముద్దగా ఉన్నా రంగుతో సరిపెట్టుకున్నారా అన్న చర్చకు పత్రంలో చోటు లేదు. పాత్ర గడిలో 'అరియాడ్నే', ముఖం గడిలో 'వ్యక్తి పోలిక కోసం వదిలినది. చెక్కలేదు' అని పడింది. ఒకే గడి ఉన్న పాత నమూనాలో ఆ బొమ్మ అసంపూర్ణ శిల్పాల జాబితాలోకి పోయేది.